నడుం నొప్పికి తొమ్మిది ప్రశ్నలు, ఒక "కాదు"

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "నడుం నొప్పి రోగుల్ని అడగడానికి ఇంగ్లీషులో తొమ్మిది ప్రశ్నలున్నాయట. వాటిని తెలుగులో రాసుకోవడానికి పరిశోధన దేనికండీ? మా పిల్లాడు పూటలో రాసిస్తాడు."

రాసిస్తాడు, నిజమే. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది.

ఆ ప్రశ్నలు ఇంగ్లండులోని కీల్ యూనివర్సిటీ వాళ్లు 2008లో ప్రచురించిన 'స్టార్ట్ బ్యాక్' పట్టికలోవి. ఎక్స్‌రేలో ఏముందో వాటికి అక్కర్లేదు. నొప్పి నెలల తరబడి ఎవరిని వదలదో జల్లెడ పడతాయి. నడుం పట్టేస్తే చాలామందికి కొద్ది వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత నడుం తొక్కిస్తారే, ఆ వైద్యానికి పేరొచ్చింది ఇందుకే. తొక్కకపోయినా తగ్గేదే! తగ్గనివాళ్లలో భయం, దిగులు, ఇక ఇంతేనన్న నిరాశ ఎక్కువ. అందుకే తొమ్మిదింటిలో ఐదు మనసుకు సంబంధించినవి.

వాటిలో ఒకటి: ఇలాంటి నొప్పితో శరీరానికి పని చెప్పడం క్షేమం కాదు, ఒప్పుకుంటారా? "శారీరకంగా చురుకుగా ఉండుట" అని రాస్తే సంతలో కూరగాయలమ్మే ఆవిడకు రేడియో వార్తల్లా ఉంటుంది. పోనీ "ఒళ్లు వంచి పని చేయడం" అందామా? నడుం నొప్పి మనిషి దగ్గర వంచడం మాటెత్తితే నిజంగా వంగడం గురించే జవాబొస్తుంది. ప్రశ్నే మారిపోయింది.

అసలు తమాషా "కాదు"తో. "మంచిది కాదు, ఒప్పుకుంటారా?" అంటే ఆవిడ "కాదు బాబూ" అంటుంది. ఏది కాదు? పని చేయడం మంచిది కాదనా, మీ మాట నిజం కాదనా? మొదటిదైతే ఒక మార్కు, రెండోదైతే సున్నా. మనసు ప్రశ్నలు ఐదింటిలో నాలుగొస్తే ఎక్కువ ప్రమాదం. మొత్తం తొమ్మిదింటి మీద మూడు దాటకపోతే తక్కువ ప్రమాదం. కేవలం ఆ నాలుగే వచ్చిన మనిషి ఈ ఒక్క "కాదు"తో మూడుకు దిగి, మధ్య మెట్టు కూడా తొక్కకుండా కిందికి జారిపోతుంది. భయానికి కూడా చికిత్స అందాల్సినావిడను నాలుగు ధైర్యవచనాలు చెప్పి ఇంటికి పంపేస్తారు.

తెలుగు ప్రతిని, మూలం చూడనివాళ్ల చేత తిరిగి ఇంగ్లీషు చేయించి పోలుస్తారు. ఈ తప్పు అందులో దొరకదు. కాగితం మీది "కాదు" బుద్ధిగా "నాట్" అయి కూర్చుంటుంది. ముప్ఫై నలభై మంది రోగుల్ని "మీకేమర్థమైంది, మీ మాటల్లో చెప్పండి" అని అడిగితేనే బయటపడుతుంది. బళ్లో మనం "అర్థమైందా?" అని "ఆఁ" అనిపించుకుంటామే, అలా కాదు. పర్లాకిమిడిలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి సవర భాషను సవరల నోటి నుంచే నేర్చుకున్నారు, అలాగ. "పని చెబితే ప్రమాదం" అని తిప్పి రాస్తే చిక్కు చాలావరకు తీరుతుంది.

తర్వాత లెక్కలు. ప్రశ్నలన్నీ ఒకే వైపు లాగుతున్నాయా అనేదానికి క్రోన్‌బాక్ ఆల్ఫా అనే కొలత, 0.7 దాటితే ఫరవాలేదంటారు. ఒక ప్రశ్న తీసేస్తే ఆల్ఫా పెరిగిందా, దాన్ని అనుమానించాలి. కొద్ది రోజులాగి మళ్లీ అడిగితే అవే జవాబులొస్తాయా అనేదానికి ఐసీసీ అనే ఇంకో కొలత. నెలల తర్వాత ఎవరికి తగ్గలేదో చూసి, పట్టిక వాళ్లను ముందే పట్టుకుందా అనేదానికి ఆర్‌ఓసీ అనే గీత కింద వైశాల్యం, 0.5 వస్తే బొమ్మా బొరుసూ వేసినట్టే.

మీ వైపు ఇంకో పేచీ ఉంది. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా అయినవాళ్లలో తెలుగు చదవలేనివాళ్లకు కాగితమిచ్చి లాభం లేదు, చదివి వినిపించాలి. మీ పిల్లాణ్ణి రాయమనండి. రాశాక ఇంట్లో నడుం పట్టేసినవాళ్లెవరికైనా చదివి వినిపించి, "కాదు" అన్నప్పుడల్లా ఏది కాదో పక్కన రాసి పంపమనండి.