దించితే హాయి, ఎత్తితే హాయి

కాళ్లు లాగుతున్నాయని ఇద్దరు చెబుతారు. ఒకరికి దిండు మీద కాళ్లు ఎత్తి పెట్టుకుంటే హాయి. ఇంకొకరికి మంచం అంచు నుంచి కిందికి వేలాడేస్తేనే హాయి. మొదటివారికి రక్తం తిరిగి వెళ్లే సిరల్లో ఇబ్బంది ఉండొచ్చు, రెండోవారికి రక్తం తెచ్చే ధమనుల్లో.

సిరల సంగతి మీ చేతి మీదే చూడొచ్చు. చేయి కిందికి వేలాడేసి, ముంజేతి మీద ఉబ్బిన సిరను ఒక వేలితో నొక్కి పట్టండి. ఇంకో వేలితో అక్కణ్ణుంచి మోచేతి వైపు రక్తాన్ని నిమిరేసి, ఆ వేలు తీసెయ్యండి. పైనున్న రక్తం కొంత దూరం దిగి ఆగిపోతుంది. అక్కడ రక్తాన్ని వెనక్కి రానివ్వని తలుపు లాంటి కవాటం ఉందన్నమాట. నొక్కిన వేలు కూడా తీస్తే ఖాళీ సిర కింది నుంచి చటుక్కున నిండుతుంది. 1628లో ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే తన పుస్తకంలో బొమ్మలు వేసి చూపించింది ఇదే. ఆ కవాటాలను అతని గురువు ఫాబ్రీషియస్ 1603లోనే వర్ణించాడు, కానీ అవి చేసే పని మాత్రం ఆయనకు అంతుపట్టలేదు.

కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి దాదాపు 90 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. నాలుగడుగులు వేస్తే 30 దరిదాపులకు పడిపోతుంది. పిక్క కండరం బిగిసినప్పుడల్లా లోతు సిరలను పిండి రక్తాన్ని పైకి తోస్తుంది మరి. పిక్కను రెండో గుండె అంటుంటారు గానీ, అసలు గుండె మనం కూర్చున్నా పనిచేస్తుంది, ఇది నడిస్తేనే చేస్తుంది. కవాటాలు సరిగా మూసుకోకపోతే రక్తం వెనక్కి జారి సిరలు మెలికలు తిరుగుతాయి, సాయంత్రానికి కాలు వాస్తుంది. ఏళ్లు గడిచాక చీలమండ లోపలివైపు చర్మం నల్లబడి పుండు పడొచ్చు.

ధమని తీరు వేరు. లోపల కొవ్వు పేరుకుని సన్నబడినా, కూర్చున్నంతసేపూ ఏమీ తెలియదు. కొంత దూరం నడిచాక పిక్క పట్టేస్తుంది, ఆగితే కొద్ది నిమిషాల్లో వదిలేస్తుంది, మళ్లీ ఇంచుమించు అంతే దూరానికి పట్టేస్తుంది. జబ్బు ముదిరితే పడుకున్నా పాదం నొప్పే. దించితే రక్తం కాస్త కిందికి దిగి ఉపశమనం. ఇక్కడ పుండ్లు ఎక్కువగా వేళ్ల కొసల్లో పడతాయి. పొగతాగడం, షుగర్ దీనికి పెద్ద కారణాలు. షుగర్‌తో నరాలు మొద్దుబారినవారికి ఆ నొప్పి హెచ్చరిక కూడా అందకపోవచ్చు.

ఉన్నట్టుండి ఒక కాలు వాచి బరువెక్కితే లోతు సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. కాలు హఠాత్తుగా పాలిపోయి చల్లబడితే ధమని మూసుకుపోయి ఉండొచ్చు, అప్పుడు గంటలే లెక్క. రెండిటికీ వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

సిరల వాపుకి వాడే బిగుతు మేజోళ్లను చాలామంది తమంతట తామే కొని తొడిగేస్తారు. నాకు భయం వేసేది అక్కడే. ధమని బాగా సన్నబడిన కాలికి అవి తొడిగితే అందే కొద్ది రక్తానికీ అడ్డు పడుతుంది. ముందు చీలమండ దగ్గర బీపీ పై అంకె చూసి, చేతి బీపీ పై అంకెతో భాగించాలి. 1 లేదా కాస్త ఎక్కువ వస్తే మామూలే. 0.9 కన్నా తగ్గితే మేజోళ్ల మాట డాక్టరు తేల్చాలి.