ఓపెనింగ్ రాక ఓడిపోవడం లేదండీ: చెస్‌లో అపోహలు, వాస్తవాలు

మొన్న ఆదివారం టోర్నమెంట్‌లో ఏడో రౌండ్ అయ్యాక ఒక నాన్నగారు నన్ను టీ కొట్టు దగ్గర పట్టుకున్నారు. పక్కన ఆరో తరగతి కొడుకు, ట్రోఫీల టేబుల్ వైపు చూడకుండా తల దించుకుని నిలబడ్డాడు. ఏడు గేముల్లో ఒకటిన్నర పాయింట్లు. "సార్, మావాడికి ఏ ఓపెనింగ్ నేర్పిస్తే గెలుస్తాడంటారు?"

గుంటూరులో పన్నెండేళ్లుగా కోచింగ్ ఇస్తున్నాను. ఈ ప్రశ్న వినని వారం లేదు. ఓపెనింగ్ అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల వరస.

స్కోర్‌షీట్లు, అంటే ఎత్తులు రాసుకున్న కాగితాలు, ఇమ్మన్నాను. ఓడినవి ఐదు. వాటిలో మూడింట్లో ఇటాలియన్ ఓపెనింగ్ ఆరేడు ఎత్తులదాకా అచ్చు పుస్తకంలో ఉన్నట్టే వేశాడు. తర్వాత ఒకదాంట్లో పదకొండో ఎత్తుకి గుర్రాన్ని తీసుకెళ్లి బంటు నోట్లో పెట్టాడు. ఇంకోదాంట్లో ఎదుటి బిషప్ తన క్వీన్‌ను చూస్తుంటే, పట్టించుకోకుండా పక్క బంటు జరిపాడు. మూడోది చక్కగా గెలిచే గేమ్. రాజు తప్పించుకునే గడి వదలక, వెనక వరసలోనే చిక్కి మాట్. వీటిలో ఓపెనింగ్ వల్ల పోయింది ఏది?

ఓపెనింగ్ నేర్చుకుంటే గెలిచేస్తామన్నారూ, అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇదే. కోర్సులకు డబ్బు పోతుంది, బట్టీకి నెలలు పోతాయి. అంత చదివీ ఓడాక "నాకు బుర్ర లేదు" అని పిల్లవాడు తేల్చేసుకుంటాడు. కొత్తగా ఆడేవాళ్ల గేములు చాలావరకు ఎవరో ఒకరు పావును ఊరికే వదిలేయడం వల్లే తేలిపోతాయి. మీరు పన్నెండు ఎత్తులు బట్టీ పడితే ఎదుటివాడు నాలుగో ఎత్తుకే పుస్తకం దాటేస్తాడు. మధ్య గడులు పట్టు, గుర్రాలూ బిషప్‌లూ బయటికి తియ్యి, రాజును మూలకి జరిపి దాచే క్యాసిలింగ్ చెయ్యి. మొదటి ఏడాదికి ఈ ఓపెనింగ్ చాలు.

నలభై దాటాక చెస్ మొదలుపెట్టిన ఒక బ్యాంకు ఉద్యోగి ఎనిమిదేళ్ల పాప చేతిలో నాలుగెత్తుల్లో మాట్ అయ్యారు. "దానికి విరుగుడు ఓపెనింగ్ చెప్పండి" అంటూ వచ్చారు. బోర్డు పెట్టాను. (గడుల పేర్లు: నిలువు వరసలు ఏ నుంచి హెచ్, అడ్డ వరసలు 1 నుంచి 8.) ఇద్దరి ఈ-బంట్లూ రెండేసి గడులు ముందుకొచ్చాయి. తెల్ల బిషప్ సీ4లో, నల్ల గుర్రం సీ6లో, తెల్ల క్వీన్ హెచ్5లో. ఇక్కడ ఆయన క్వీన్‌ను బెదిరిద్దామని రెండో గుర్రాన్ని ఎఫ్6లో పెట్టారు, క్వీన్ ఎఫ్7 బంటును కొట్టి మాట్ చేసింది. నేనేమీ చెప్పలేదు. "ఆ క్వీన్ ఏమేం చూస్తోందో లెక్కపెట్టండి" అన్నానంతే. "ఈ5 బంటు... ఎఫ్7 బంటు. అయ్యో, దానికి కాపలా రాజు ఒక్కడేనా!" జీ-బంటు ఒక గడి జరపాలని ఆయనే కనిపెట్టారు. క్వీన్ ఎఫ్3కి వచ్చి మళ్లీ ఎఫ్7నే చూస్తే, అదే గుర్రం అదే ఎఫ్6లో ఇప్పుడు అడ్డం పడుతుందనీ ఆయనే చెప్పారు. ఇందులో ఓపెనింగ్ ఏముంది? ఎదుటివాడు ఈ ఎత్తు ఎందుకు వేశాడని అడగడమే ఉంది.

ప్రతి ఎత్తుకీ ముందు మూడు చూడండి. వాడు చెక్ ఎక్కడ ఇవ్వగలడు, ఏది కొట్టగలడు, నాది ఏది కాపలా లేకుండా ఉంది. ఎత్తు ముందు రాసుకుని తర్వాత వేయమని పాత కోచ్‌లు చెప్పేవారు. ఇప్పుడు ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే నిబంధనలు అందుకు ఒప్పుకోవు. అందుకే నేను పిల్లల్ని తొందరపడి వేయకుండా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోమంటాను. నవ్వుతారు కానీ పనిచేస్తుంది.

ఒక్క ఎత్తు మాట్ కనపడలేదని ఏడ్చేవాళ్లకు నేను రష్యా ఆటగాడు క్రామ్నిక్ గేమ్ చూపిస్తాను. 2006లో జర్మనీలోని బాన్‌లో డీప్ ఫ్రిట్జ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో ఆడుతూ ఒక్క ఎత్తు మాట్ చూసుకోలేదు. అప్పుడాయన ప్రపంచ ఛాంపియన్!

మిగతావి గబగబా చెప్పేస్తాను. లెక్కలు వస్తేనే చెస్ వస్తుందన్నది ఉత్త మాట. చెస్ ఆప్‌లో అందరూ ఇంజిన్ (ఎత్తులు చెప్పే కంప్యూటర్ ప్రోగ్రామ్) పెట్టుకుని ఆడుతున్నారట! మోసగాళ్లు లేరనను, కానీ మీ క్వీన్‌ను ఊరికే ఇచ్చింది ఇంజిన్ కాదు కదా. పోయిన రేటింగ్ (ఆటగాడి బలం చెప్పే అంకె) ఇంకో గేమ్‌తో వెనక్కి తెచ్చుకోవచ్చన్నది ఇంకోటి. ఒకప్పుడు నేనూ రాత్రి రెండింటిదాకా నిమిషాల్లో అయిపోయే బ్లిట్జ్ గేములు ఆడి, పోయినదానికి రెట్టింపు పోగొట్టుకుని పడుకున్నవాణ్నే. వరుసగా రెండు ఓడితే ఫోన్ పక్కన పడేయండి.

రేటింగ్ పడితే టెన్షన్ పడే అమ్మానాన్నలకు మాత్రం ఒక లెక్క చెప్పాలి. ఫిడేలో కొత్త ఆటగాళ్లకూ, ఎక్కువమంది పిల్లలకూ కే విలువ, అంటే ఒక్కో గేమ్‌కి రేటింగ్ ఎంత మారాలో లెక్కగట్టే అంకె, 40. అంటే సమాన రేటింగ్ ఉన్నవాడి చేతిలో ఓడితే 20 పాయింట్లు పోతాయి, గెలిస్తే 20 వస్తాయి. ఐదు ఓడితే వంద పోవడం కూడికలూ తీసివేతలే, పిల్లవాడి తెలివితేటల మీద తీర్పు కాదు. 2024లో సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో గుకేశ్ మొదటి గేమ్ తెల్లపావులతోనే ఓడాడు. అదే మ్యాచ్ గెలిచి ఛాంపియన్ అయ్యాడు.

టీ కొట్టు దగ్గరే ఆ బాబుకి ఎర్ర పెన్ను ఇచ్చి, ఐదు షీట్లలోనూ పావు ఊరికే పోయిన చోటో, మాట్ చూసుకోని చోటో సున్నా చుట్టమన్నాను. మూడు నేను చూసినవే. నాలుగోది నాకంటే ముందు వాడే పట్టుకున్నాడు. వాళ్ల నాన్న అది చూసి, బండి స్టార్ట్ చేస్తూ అడిగారు: "బావుంది సార్. మరి సిసిలియన్ ఓపెనింగ్ ఎప్పుడు మొదలుపెడదాం?"