బంగారు రంగు షాకులు చూసి మోసపోకండి: ఆఫ్‌రోడ్ ఫోర్కుల అపోహలు - వాస్తవాలు

బెంగళూరు కేఆర్ పురంలో, ఓల్డ్ మద్రాస్ రోడ్డుకి కాస్త లోపల మా వర్క్‌షాపు. ఆదివారం సాయంత్రమైతే కోలారు వైపు మట్టిదారుల్లో తిరిగొచ్చిన బండ్లు వరసకడతాయి. వచ్చేవాళ్లలో మదనపల్లె, చిత్తూరు, అనంతపురం కుర్రాళ్లు చాలామంది. హెల్మెట్ తీయకముందే అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, దీనికి యూఎస్‌డీ వేయించొచ్చా?"

అపోహ: యూఎస్‌డీ ఫోర్కు ఉంటే గుంతలు తెలియవు.

ఫోర్కు అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు షాకు గొట్టాలు. యూఎస్‌డీ (అప్‌సైడ్ డౌన్) అంటే తిరగేసిన ఫోర్కు. మామూలు దాంట్లో సన్న పైపు పైన టీకి, అంటే రెండు గొట్టాలనీ హ్యాండిల్ దగ్గర కలిపి పట్టే బ్రాకెట్‌కి బిగుస్తుంది. ఇందులో లావు గొట్టం బిగుస్తుంది. గట్టిగా బ్రేక్ పట్టినా, చక్రం రాయికి కొట్టుకున్నా ఫోర్కుని వంచే బలం ఎక్కువగా పడేది టీ దగ్గరే. అక్కడ లావు గొట్టం ఉంటే ముందుభాగం ఊగదు, హ్యాండిల్ తిప్పిన వైపుకే చక్రం పోతుంది. దాని అసలు లాభం అది. మెత్తదనం సంగతి వేరు, అది గొట్టం లోపల ఏముందనే దాన్నిబట్టి ఉంటుంది.

పాత తరహా ఫోర్కులో డంపింగ్ రాడ్ ఉంటుంది. చిల్లులున్న ఒక గొట్టం, అంతే. ఆయిల్ ఆ చిల్లుల్లోంచే దూరాలి. నెమ్మదిగా నొక్కితే సులువుగా జారిపోతుంది, అందుకే బ్రేక్ పట్టగానే బండి ముక్కు దించుతుంది. అదే రాయి తగిలితే అంత ఆయిల్ ఒక్కసారిగా దూరలేదు. ఫోర్కు నొక్కుకునే వేగం రెట్టింపైతే ఆయిల్ అడ్డు దాదాపు నాలుగు రెట్లవుతుంది, ఆ దెబ్బంతా మణికట్టుకి వస్తుంది. కార్ట్రిడ్జ్ ఫోర్కులో చిల్లుల మీద పల్చటి స్టీలు రేకులు దొంతరగా ఉంటాయి, వాటినే షిమ్‌లంటాం. ఒత్తిడి పెరిగితే అవి వంగి దారి వదులుతాయి. చవక యూఎస్‌డీల్లో కొన్నిటిని విప్పితే లోపల సాదా ఏర్పాటే కనిపిస్తుంది. బంగారు రంగు పైపూతే కదా!

ట్రావెల్, అంటే ఫోర్కు పైకీ కిందికీ కదిలే దూరం, దాని లెక్క కూడా చూడండి. యూఎస్‌డీ అయినంత మాత్రాన అది పెరగదు. పాత కేటీఎం 390 అడ్వెంచర్‌ది 43 మి.మీ. యూఎస్‌డీ, ట్రావెల్ 170 మి.మీ. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411ది 41 మి.మీ. మామూలు ఫోర్కు, ట్రావెల్ 200 మి.మీ. హిమాలయన్ 450కి వచ్చేసరికి 43 మి.మీ. షోవా యూఎస్‌డీ వచ్చింది, ట్రావెల్ మాత్రం అదే 200.

అపోహ: ఫోర్కు అడుక్కి కొట్టేస్తుంటే చిక్కటి ఆయిల్ పోస్తే సరి.

నా దగ్గరికి వచ్చే బండ్లలో ఎక్కువ పాడయ్యేది ఈ నమ్మకం వల్లే. బరువు మోసేది స్ప్రింగు. ఆయిల్ పని ఆ స్ప్రింగు కదలిక వేగాన్ని అదుపు చేయడం. 10డబ్ల్యూ గ్రేడు ఆయిల్ తీసి, అంతకన్నా చిక్కటి 20డబ్ల్యూ పోస్తే దిగడం నెమ్మదిస్తుంది, నిజమే. కానీ పైకి లేవడం కూడా నెమ్మదిస్తుంది. వరసగా నాలుగు గుంతలొస్తే మొదటిదాన్నుంచి లేవకముందే రెండోది తగులుతుంది. నాలుగోదానికి ఫోర్కు సగం కూర్చునే ఉంటుంది.

మొన్న ఒకాయన వచ్చారు. మనిషే 95 కిలోలు, వెనక సాడిల్ బ్యాగులు. ఇంకెవరో 20డబ్ల్యూ పోసి, స్ప్రింగు మీద పీవీసీ పైపు ముక్క కూడా పెట్టి పంపారట. ఫోర్కు పైపుకి ఒక జిప్ టై కట్టి, బూట్లు, లగేజీతో సహా ఎక్కించి కొలిచాను. 200 మి.మీ. ట్రావెల్‌లో 50-60 మి.మీ. కూర్చుంటే చాలు, ఈయనకి 85 కూర్చుంది. పీవీసీ ముక్క పెడితే ప్రీలోడ్ (స్ప్రింగుని ముందే కాస్త నొక్కి ఉంచడం) పెరిగి బండి కాస్త ఎత్తుగా నిలబడుతుందే గానీ స్ప్రింగు గట్టిపడదు. ఆయన బరువుకి సరిపడే స్ప్రింగు వేసి, ఆయిల్ మళ్లీ కంపెనీ చెప్పిన గ్రేడుకే మార్చాం. చివరి అంగుళంలో కొంచెం బిగువు కావాలంటే ఆయిల్ లెవల్ 5-10 మి.మీ. పెంచితే సరిపోతుంది. పైనున్న గాలికి చోటు తగ్గి, చివర్లో అదే ఇంకో స్ప్రింగులా పనిచేస్తుంది.

అపోహ: ఆయిల్ కారిందంటే సీల్ పోయినట్టే.

చాలాసార్లు సీల్ అంచు కింద మట్టి ఇరుక్కుంటుంది, అంతే. దానికి బయట దుమ్మాపే డస్ట్ సీల్‌ని పక్కకు జరిపి, పాత ఎక్స్‌రే ఫిల్మ్ ముక్కని కొక్కెంలా కత్తిరించి, సీల్‌కీ పైపుకీ మధ్య పోనిచ్చి చుట్టూ తిప్పితే మట్టి బయటికొస్తుంది. అప్పటికీ కారితే సీల్ మార్చాలి. మార్చేముందు పైపు మీద గోటితో పైనుంచి కిందికి గీరి చూడండి. పని నేర్చుకునే రోజుల్లో ఒకే బండికి వారంలో రెండుసార్లు సీల్ మార్చాను, రెండుసార్లూ కారింది. ఓనరు తిట్టిన తిట్లు ఇంకా గుర్తున్నాయి. చివరికి గోటికి తగిలింది, ఆవగింజలో సగమైనా లేని గరుకు. రాయి తగిలి క్రోమ్ లేచింది. యూఎస్‌డీలో ఆ పైపు కింద, చక్రం పక్కనే ఉంటుంది కాబట్టి ఫోర్క్ గార్డులు లేకుండా తిరగొద్దు. కారిన ఆయిల్ నేరుగా బ్రేక్ ప్యాడ్ల మీదికే పోతుంది కూడా.

అపోహ: పడ్డాక హ్యాండిల్ వంకరైతే ఫోర్కు వంగినట్టే.

టెన్షన్ పడకండి. ఎక్కువసార్లు ఫోర్కు టీలో మెలితిరిగి ఉంటుంది. యాక్సిల్, కింది టీ బోల్టులు వదులు చేసి, చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టి హ్యాండిల్ సరిచేసి, మళ్లీ బిగిస్తే పోతుంది. అనుమానం తీరకపోతే పైపు విప్పి అద్దం పలక మీద దొర్లించండి, వంగుంటే కింద వెలుతురు ఆడుతుంది.

అపోహ: ట్రావెల్ ఎంత ఎక్కువైతే అంత మంచిది.

హీరో ఎక్స్‌పల్స్ 200 4వీకి ముందు చక్రం ట్రావెల్ 190 మి.మీ., ప్రో వెర్షన్‌కి 250. బాగుంది. సీటు ఎత్తు మాత్రం 825 నుంచి 891 మి.మీ.కి పోయింది. ఐదున్నర అడుగుల మనిషికి బురద వాలులో కాలు ఆనకపోతే ఆ 250తో ఏం చేసుకుంటాడు?

ఇక యూఎస్‌డీ వేయించడం అంటారా, వేయొచ్చు. జేసీ రోడ్డులో వెతికితే సెకండ్ హ్యాండ్ సెట్టు దొరకొచ్చు. దాంతోపాటు టీ, యాక్సిల్, బ్రేక్ క్యాలిపర్ అన్నీ మార్చాలి. పొడవు తేడా వస్తే హ్యాండ్లింగ్ మారిపోతుంది. అన్నీ కుదిరాయనుకున్నా, స్ప్రింగులు తీసేసి ఫోర్కుని పూర్తిగా అడుక్కి నొక్కి చూడకుండా బండి బయటికి తీయొద్దు. ఒక బండికి ఇలా చూస్తే, ఇంకా రెండు వేళ్ల ట్రావెల్ ఉండగానే టైరు వెళ్లి కింది టీకి తగులుతోంది.