సెషన్ సేవ్ అయితే ఫైల్ సేవ్ అయినట్టు కాదు: అపోహలు - వాస్తవాలు

అమలాపురం, రాజోలు చుట్టుపక్కల కోడింగ్ నేర్చుకునే పిల్లలకీ, ఇంటి నుంచి పని చేసుకునేవాళ్ళకీ ఎడిటర్లు, అంటే ప్రోగ్రాములు టైపు చేసుకునే సాఫ్ట్‌వేర్లు, నేర్పుతుంటాను. ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ వినపడే మాట ఒకటే: "సెషన్ సేవ్ చేశాను కదండీ మాస్టారూ, ఇంకేం పోదు." పోతుందండీ. వైరస్‌ల వల్ల కంటే ఈ మాట నమ్మడం వల్లే ఎక్కువ పని పోవడం చూశాను.

అపోహ: సెషన్ సేవ్ చేస్తే అప్పటిదాకా టైపు చేసినదంతా భద్రం.

వాస్తవం: సెషన్ అంటే ఎడిటర్‌ని మళ్ళీ అదే తీరులో తెరవడానికి దాచుకునే గుర్తులే, అందులో మీ రాత ఉండదు. ఏ ఫైళ్ళు తెరిచారు, ఏ విండో ఎక్కడుంది, కర్సర్ ఏ లైను మీదుంది, ఏ ఫోల్డర్‌లో పని చేస్తున్నారు, ఇలాంటివే ఉంటాయి. నమ్మకం లేకపోతే విమ్ అనే ఎడిటర్లో సెషన్ సేవ్ చేసే ఎంకెసెషన్ కమాండ్ తయారు చేసిన ఫైల్‌ని తెరిచి చూడండి, అది మామూలు టెక్స్టే, ఫైళ్ళ పేర్లూ కమాండ్లూ తప్ప మీ ప్రోగ్రామ్‌లోని లైను ఒక్కటీ కనపడదు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఫైల్ మెనూ నుంచి సేవ్ చేసే సెషనూ, ఈమాక్స్ అనే ఇంకో ఎడిటర్ డెస్క్‌టాప్ ఫైలూ ఇదే తరహా. పెళ్ళి పిలుపుల జాబితా లాంటిదన్నమాట, ఎవరింటికి వెళ్ళాలో ఉంటుంది గానీ ఆ ఇంట్లో మనుషులు అందులో ఉండరు. అందుకే సెషన్ ఫైల్ ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఊరెళ్ళిన పిల్లలకి అక్కడ ఖాళీ తెరే కనిపిస్తుంది.

ఈ నమ్మకం ఎక్కడ పుట్టిందో తెలుసు, అందుకే కోప్పడలేను. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్, వీఎస్ కోడ్ లాంటి ఎడిటర్లు మూసి మళ్ళీ తెరిస్తే సేవ్ చెయ్యని ట్యాబు కూడా ఉన్నచోటే ఉంటుంది. అది ఎడిటర్ వెనకాల ఇంకో ఫోల్డర్‌లో తీసి పెట్టుకున్న బ్యాకప్ కాపీ. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అయితే సెట్టింగ్ మార్చకపోతే 7 సెకన్లకోసారి తీస్తుంది. ఆ కాపీ ఆ కంప్యూటర్లోనే ఉంటుంది, ట్యాబు మూసేటప్పుడు సేవ్ వద్దని నొక్కారా, అదీ పోతుంది. కంప్యూటర్ స్పీడ్ పెరుగుతుందని ఎవరో చెప్పారని కనపడిన ఫోల్డరల్లా ఖాళీ చేసేవాళ్ళ సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

2025 అక్టోబరులో మొంథా తుఫాను నరసాపురం వైపు తీరం దాటిన మర్నాడు రాజోలు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. రాత్రి కరెంటు పోయింది, లాప్‌టాప్ ఛార్జింగ్ అయిపోయి ఆగిపోయింది. ఇప్పుడు విమ్ సెషన్ తెరిస్తే ప్రాజెక్టు ఫైల్ దగ్గర పెద్ద హెచ్చరిక వచ్చింది, డిలీట్ నొక్కెయ్యమని ఫ్రెండ్ చెప్పాడట. గొంతు వణుకుతోంది, పాపం. ఏమీ నొక్కొద్దన్నాను. ఆ హెచ్చరిక అతన్ని కాపాడడానికి వచ్చిందే. విమ్ మామూలుగా 200 అక్షరాలు కొట్టాకో, 4 సెకన్లు చెయ్యి ఆపితేనో మార్పుల్ని స్వాప్ ఫైల్ అనే తాత్కాలిక ఫైల్‌లో రాసుకుంటుంది, అది మిగిలిపోయి కనపడితే ఆ హెచ్చరిక ఇస్తుంది. రికవరీకి ఉన్న ఆర్ నొక్కించి, రికవరీ అయినదాన్ని వేరే పేరుతో సేవ్ చేయించి, పాత ఫైల్‌తో పోల్చి చూసుకున్నాకే స్వాప్ తీసెయ్యమన్నాను. చివరి ముక్క ఏదో తప్ప అంతా దొరికింది. సెషన్ మాత్రం చక్కగా సేవ్ చేసుకున్నాడు, ఫైల్‌నే చెయ్యలేదు.

డాట్ ఎస్‌డబ్ల్యూపీ అని కనిపిస్తే వైరస్ అనే పుకారు ఇంకా తిరుగుతోంది. దయచేసి నలుగురికీ పంపకండి, పైన చెప్పిన స్వాప్ అదే.

అపోహ: ఒక పని నుంచి ఇంకో పనికి మారాలంటే రెండో సెషన్ తెరిస్తే చాలు.

వాస్తవం: విమ్‌లో పాత పని ఫైళ్ళు బఫర్లలో, అంటే తెరిచిన ఫైళ్ళు మెమరీలో ఉండే చోట, అలాగే ఉండిపోతాయి, తర్వాత సెషన్ సేవ్ చేస్తే రెండు పనులూ కలిసిపోతాయి. ముందు కోలన్ డబ్ల్యూఏతో ఫైళ్ళన్నీ సేవ్ చెయ్యండి, తర్వాత ఎంకెసెషన్‌కి ఆశ్చర్యార్థకం తగిలించి పాత సెషన్ పేరు మీదే రాయండి, ఆ పైన కోలన్ పర్సెంట్ బీడీతో బఫర్లు ఖాళీ చేసి, అప్పుడు సోర్స్ కమాండ్‌తో రెండోది తెరవండి. పేరు ఇవ్వకపోతే ఉన్న ఫోల్డర్‌లోనే సెషన్ డాట్ విమ్ అని రాస్తుంది కాబట్టి పనికో పేరు పెట్టుకోండి.

మిగతావి చిన్నవి. ఫోల్డర్ జరిపాక సెషన్‌లో ఫైళ్ళు ఖాళీగా వస్తే అవి పోయినట్టు కాదు, సెషన్ పాత దారిలోనే వెతుకుతోంది. విమ్ సెట్టింగ్‌ల ఫైల్ విమ్‌ఆర్‌సీలో కొత్త సెట్టింగ్ పెట్టినా పనిచెయ్యట్లేదా? సెషన్‌లో ఏమేం దాచాలో చెప్పే సెషన్ఆప్షన్స్ అనే సెట్టింగ్‌లో ఆప్షన్స్ అనే మాట ఉంటే పాత సెట్టింగ్‌లు కూడా సెషన్‌లో చేరి, తెరిచినప్పుడల్లా కొత్తవాటి మీద పడతాయి. విమ్‌లో అది ముందునుంచే ఉంటుంది, విమ్ నుంచి పుట్టిన నియోవిమ్‌లో ఉండదు. ఆ మాట తీసేసి సెషన్ మళ్ళీ రాయించండి, సరిపోతుంది.