తాతల నాటి ముచ్చట్లతో రాయాలనుకునేవారికి: అపోహలు – వాస్తవాలు

అపోహ: మాది మామూలు కుటుంబం, రాయడానికి ఏముంటుంది?

వాస్తవం: అటక మీది ట్రంకు పెట్టె దించండి. పెళ్ళిలో రాసిన చదివింపుల పుస్తకం ఒక్కటి దొరికినా చాలు. ఏ ఊరివాళ్ళు ఎంత చదివించారో, ఎవరు ముందు వరసలో ఉన్నారో, ఎవరి పేరు అసలు లేదో అందులో కనిపిస్తుంది. లేని పేరు గురించి అడగండి, కథ అక్కడ మొదలవుతుంది. పాత దస్తావేజులో చెక్కుబందీ చూడండి: నాలుగు దిక్కుల హద్దుల్లో ఇరుగుపొరుగు పేర్లు, చెరువు కట్ట, డొంక అన్నీ ఉంటాయి. ఊరి భూములు ఎవరివో, ఎవరు సాగు చేస్తున్నారో రాసే అడంగల్‌లో, పహాణీలో పట్టాదారు ఒకరు, అనుభవదారు మరొకరు ఉంటే మధ్యలో కౌలో, తాకట్టో, అన్నదమ్ముల తగవో జరిగి ఉండొచ్చు. తెలంగాణ పల్లెలకైతే 1954-55 ఖాస్రా పహాణీ తప్పక చూడాలి.

ప్రామిసరీ నోట్ల విషయంలో మాత్రం జాగ్రత్త. మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది, అంటే కోర్టుకెళ్ళి వసూలు చేసుకోలేరు. అందుకని నోటును తిరగరాసేవారు, లేదా వెనక చెల్లు (కొంత ముట్టినట్టు రాత) వేసేవారు. నోటు మీది తేదీని అప్పు పుట్టిన తేదీ అనుకుంటే కథలో కరువు ఒక ఏడాది, అప్పు మరో ఏడాది అవుతాయి.

అపోహ: పెద్దవాళ్ళు చెప్పే సంవత్సరాలు నమ్మలేం.

వాస్తవం: అంకె అడిగితే తడబడతారు. ఆనవాలు అడిగితే చెబుతారు. “అప్పుడు ఏ ఇంట్లో ఉన్నారు? చంకలో పిల్లెవరు?” అని అడగండి. “అష్టగ్రహ కూటమి నాటికి మీ నాన్న పాలు తాగే పిల్లాడు” అన్నారంటే అది ఎనిమిది గ్రహాలు ఒకే రాశిలో చేరాయని చెప్పుకున్న 1962 ఫిబ్రవరి మొదటి వారం. దివిసీమ ఉప్పెన అంటే 1977 నవంబరు 19. తెలంగాణలో పోలీసు యాక్షన్ అంటే 1948 సెప్టెంబరు.

తెలుగు సంవత్సరాలతో రెండు చిక్కులున్నాయి. పేరు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తుంది. గుంటూరు సీమను తుడిచిపెట్టిన డొక్కల కరువు నందన నామ సంవత్సరంలోనే, 1832-33లో. ముత్తాత నందనలో పుట్టాడంటే మాత్రం 1892 కావచ్చు, తాత అయితే 1952. తిథి, వారం రెండూ దొరికితే పాత పంచాంగంతో సరిచూడవచ్చు. రెండో చిక్కు ఉగాది తెచ్చేది: తెలుగు ఏడాది జనవరిలో కాక ఉగాదితో మొదలవుతుంది. పుష్యం, మాఘం, ఫాల్గుణం సాధారణంగా మరుసటి ఇంగ్లీషు ఏడాదిలో పడతాయి. అష్టగ్రహ కూటమి ప్లవ నామ సంవత్సరం పుష్య అమావాస్యనాడు. ప్లవ ఉగాది వచ్చింది 1961లో కదా అని ఆ ఏడాదే వేస్తే తప్పు.

రెవెన్యూ కాగితాల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటుంది. పాత మద్రాసు రాష్ట్రపు జిల్లాల్లో ఫసలీ జులై 1న మొదలవుతుంది. ఇంగ్లీషు ఏడాది కావాలంటే ఫసలీ అంకెకు జులై నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి జూన్ దాకా 591 కలపాలి. ఫసలీ 1351 అంటే 1941 జులై నుంచి 1942 జూన్ వరకు. నిజాం రాజ్యంలో ఫసలీ అక్టోబరు మొదట్లో మొదలయ్యేది. అందుకే ముందు కాగితం ఏ జిల్లాదో చూసుకోండి.

బడి సర్టిఫికెట్లో జులై 1 పుట్టినరోజుగా ఉంటే అది చేర్పించినప్పుడు వేసిన తేదీ కావచ్చు. జాతకచక్రం ఉంటే దాన్నే ముందు నమ్మాలి.

అపోహ: ఫోన్లో రికార్డు చేస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: ఫ్యాను ఆపండి. ఫోను కింద మడతపెట్టిన తువ్వాలు వేసి, జానెడు దూరంలో ఉంచండి. మొదట మీ గొంతుతో తేదీ, ఊరు, మాట్లాడేవారి పేరు చెప్పండి. ముప్పావు గంటకు మించి కూర్చోబెట్టకండి. పిన్నినీ పెదనాన్ననూ మొదటిసారి విడివిడిగానే అడగాలి. కలిసి కూర్చుంటే ఒకరు గొంతు పెంచుతారు, రెండోవారు “అవును” అని ఊరుకుంటారు. వారంలోపే విని రాసుకోండి, ఆలస్యమైతే సైగ చేసి చెప్పిన మాటలు అర్థం కావు. “గప్పుడు”, “యాడికి” లాంటి మాటలను పుస్తకాల భాషలోకి దిద్దవద్దు, మనిషి అందులోనే ఉన్నాడు.

అపోహ: ఇంటిపేరు పట్టుకుంటే వంశమంతా దొరుకుతుంది.

వాస్తవం: సగమే దొరుకుతుంది. ఇంటిపేరు దత్తతతో మారుతుంది. ఆడవాళ్ళ విషయంలో పుట్టింటి ఇంటిపేరు అడక్కపోతే ఒక తరం తర్వాత దారి మూసుకుపోతుంది. అమ్మమ్మల వైపే ఎక్కువ కథలుంటాయని గట్టిగా చెప్పగలం. మేనరికాలున్న ఇళ్ళలో ఒకే మనిషి అటు మేనమామ, ఇటు మామగారు అవుతాడు. వరసను రెండు వైపుల నుంచీ రాసుకోండి.

అపోహ: మా ఇంటి కథే కదా, ఏదైనా రాయొచ్చు.

వాస్తవం: ఉత్తరం కాగితం అందుకున్నవారిదే కావచ్చు, అందులోని రాత మీద హక్కు రాసినవారిది, తర్వాత వారి వారసులది. అచ్చు వేయాలంటే వారి అనుమతి కావాలి. బతికున్నవారి పుట్టినతేదీ, తల్లి పుట్టింటి ఇంటిపేరు, పట్టా పాసుపుస్తకం ఫోటో నలుగురికీ కనిపించేచోట పెట్టకండి. ఖాతాదారుణ్ణి గుర్తించడానికి బ్యాంకులు తల్లి పుట్టింటి పేరు, పుట్టినతేదీ అడుగుతుంటాయి.