కాన్పులో బిడ్డకు దెబ్బ తగిలితే: అపోహలు - వాస్తవాలు

అపోహ: తల వాచిందంటే మెదడుకు దెబ్బ తగిలినట్టే.

పుట్టిన బిడ్డ తల మీద కనిపించే వాపుల్లో ఎక్కువ భాగం పుర్రెకు బయటివే. చర్మం కింద నీరు చేరి మెత్తగా, ఎముకల అతుకులు దాటి పరుచుకున్న వాపు కొద్ది రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. ఎముకకూ దాని పైపొరకూ మధ్య రక్తం చేరిన వాపు, అంటే సెఫాల్‌హెమటోమా, ఒక్క ఎముకకే పరిమితం. వేలితో తడిమితే అతుకు దగ్గర గట్టు కట్టినట్టు ఆగిపోతుంది. కరగడానికి వారాలు, ఒక్కోసారి మూడు నెలలు పడుతుంది. ఆ రక్తం విరిగేటప్పుడు కామెర్లు పెరుగుతాయి కనుక రక్తంలో బిలిరుబిన్ (కామెర్లు తెచ్చే పసుపు పదార్థం) ఎంతుందో చూపించాలి. సూదితో తీయించొద్దు, ఇన్ఫెక్షన్ చేరుతుంది.

భయపడాల్సింది మూడో రకం వాపుకు. ముఖ్యంగా వాక్యూమ్ కాన్పు (బిడ్డ తలకు కప్పు అతికించి బయటికి లాగడం) తర్వాత, నొక్కితే నీళ్లసంచిలా కదులుతూ మెడ వెనక్కీ చెవుల మీదికీ పాకే వాపు అది. మూడు కిలోల బిడ్డ ఒంట్లో మొత్తం రక్తమే సుమారు 250 మిల్లీలీటర్లు. అందులో చాలా భాగం ఈ వాపులోకే పోవచ్చు. బిడ్డ పాలిపోతున్నా, తల చుట్టుకొలత పెరుగుతున్నా తెల్లారేదాకా ఆగకూడదు.

అపోహ: చెయ్యి కదపని బిడ్డకు మాలిష్ చేస్తే సరిపోతుంది.

మోచెయ్యి చాపి, అరచెయ్యి వెనక్కి తిప్పి, మణికట్టు ముడుచుకుని చెయ్యి వేలాడుతుంటే మెడ దగ్గరి నరాలు సాగి ఉండొచ్చు. అరచేతిలో మన వేలు పెడితే పట్టుకుంటోందా చూడండి. పట్టుకుంటే కింది నరాలు పనిచేస్తున్నట్టే. చాలామందికి కొన్ని వారాల్లోనే కదలిక వస్తుంది. లాగడం, గట్టిగా రుద్దడం మాత్రం వద్దు, కాలర్ ఎముక కూడా విరిగి ఉండొచ్చు. మూడు నెలలు నిండినా మోచెయ్యి పైకి మడవలేకపోతే నరాల సర్జన్‌కు చూపించాలి. ఏడాది దాటితే నరానికి చేసే ఆపరేషన్ ఫలితం బాగా తగ్గుతుంది.

కాలర్ ఎముక ఒక్కటే విరిగితే దిగులు అక్కర్లేదు. వారం పది రోజుల్లో అక్కడ గడ్డలా తగిలేది ఎముక అతుక్కుంటున్న గుర్తే.

అపోహ: పుట్టగానే ఏడవకపోతే సెరిబ్రల్ పాల్సీ (మెదడు లోపం వల్ల ఒంటి కదలికలు దెబ్బతినే స్థితి) వస్తుంది, వస్తే డాక్టరుదే తప్పు.

సెరిబ్రల్ పాల్సీ కేసుల్లో ఎక్కువ వాటికి కారణం కాన్పు గంటల్లో జరిగింది కాదు. నెలలు నిండకపోవడం, గర్భంలో ఇన్ఫెక్షన్లు, మెదడు ఎదుగుదల లోపాలు కూడా కారణాలే. ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిందని అనుమానిస్తే బొడ్డుతాడు రక్తం పీహెచ్ (ఆమ్లత్వం కొలత) చూస్తారు, 7.0 కన్నా తక్కువైతే అది బలమైన సంకేతం. నెలలు నిండిన బిడ్డకు మధ్యస్థ, తీవ్ర దెబ్బ అయితే ఆరు గంటల్లోపు శీతలీకరణ, అంటే ఒంటిని చల్లబరిచే చికిత్స మొదలుపెట్టి ఒంటి వేడిని 33-34 డిగ్రీల సెల్సియస్ దగ్గర 72 గంటలు ఉంచాలి.

అపోహ: దెబ్బ తగిలిందంటే నిర్లక్ష్యమే.

చట్టం అడిగేవి మూడు: చేయాల్సిన పని చేయలేదా, దానివల్లే దెబ్బ తగిలిందా, నష్టం ఎంత? ఎక్కువ కేసులు తడబడేది రెండో ప్రశ్న దగ్గరే. భుజం ఇరుక్కున్న కాన్పులో తల ఎప్పుడు వచ్చింది, ఒళ్లు ఎప్పుడు వచ్చింది, ముందు ఇరుక్కున్నది ఏ భుజం, తల్లి కాళ్లు ఎప్పుడు మడిచారు, కడుపు పైభాగంలో ఎవరైనా నొక్కారా అన్నవే కీలకం. అలా పైనుంచి నొక్కడం అక్కడ చేయకూడని పని.

అపోహ: డిశ్చార్జ్ సమ్మరీ ఉంటే చాలు.

చాలదు. సీటీజీ పట్టీలు (కాన్పు సమయంలో బిడ్డ గుండె వేగం, నొప్పులు నమోదైన కాగితాలు), పార్టోగ్రాఫ్ (నొప్పులు ఎలా సాగాయో చూపే చార్టు), కాన్పు నోట్సు, ఆప్గార్ స్కోర్లు (పుట్టగానే బిడ్డ పరిస్థితికి వేసే మార్కులు), బొడ్డుతాడు రక్తపరీక్ష, మాయ పరీక్ష, నవజాత విభాగం చార్టులు రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి. సీటీజీ థర్మల్ కాగితం మీద గీత వెలిసిపోతుంది, వెంటనే స్కాన్ చేయించుకోండి. లాయరు కన్నా ముందు వీటిని స్వతంత్ర ప్రసూతి, నవజాత నిపుణులు చదవాలి.

అపోహ: కోర్టు ఒక్కటే దారి, అదీ బిడ్డ పెద్దయ్యాక చూడొచ్చు.

దారులు ఇంకా ఉన్నాయి: ఆసుపత్రి నుంచి రాతపూర్వక వివరణ, వైద్య మండలికి ఫిర్యాదు, మధ్యవర్తిత్వం, ఆ తర్వాత దావా. జపాన్‌లో 2009 నుంచి కాన్పుతో ముడిపడ్డ సెరిబ్రల్ పాల్సీకి తప్పు నిరూపించకుండానే పరిహారం ఇచ్చే పథకం ఉంది. దావా వేయడానికి గడువు దేశాన్ని బట్టి మారుతుంది. పైగా బిడ్డ హక్కుకూ, తల్లిదండ్రులు తమ ఖర్చుల కోసం వేసే దావాకూ వేర్వేరు గడువులు ఉండొచ్చు, కనుక తొలి నెలల్లోనే అడిగి తెలుసుకోండి. కానీ తుది రాజీ పత్రం మీద మాత్రం తొందరపడి సంతకం పెట్టొద్దు. నడక, మాట ఎలా వస్తాయో తేలడానికి రెండు మూడేళ్లు పట్టొచ్చు, అప్పటిదాకా బిడ్డ జీవితకాల ఖర్చు ఎంతో ఎవరూ లెక్కకట్టలేరు.