పదో భాగం దగ్గర ఎందుకు ఆగిపోతారు? ఫాంటసీ సిరీస్‌లపై అపోహలు - వాస్తవాలు

ఇంగ్లిషు నవలలు అద్దెకిచ్చే చిన్న లైబ్రరీ నడుపుతాను. ఏ పుస్తకం ఎంత తిరిగిందో చివరి పేజీలో అంటించిన తేదీల కాగితమే చెబుతుంది. రాబర్ట్ జోర్డాన్ ఫాంటసీ సిరీస్ 'ది వీల్ ఆఫ్ టైమ్' మొదటి భాగానికి ఇప్పుడున్నది మూడో కాగితం. పదో భాగం మీద నిన్నటిదాకా నాలుగే ముద్రలు.

అపోహ: లావు పుస్తకాలంటే భయం.

వాస్తవం: భయపడేవాళ్లు అసలు ఆ అలమర వైపే రారు. మొదటి భాగం తీసుకెళ్లినవాళ్లు వారం తిరగకుండా రెండోదానికి వస్తారు.

అపోహ: రచయిత దగ్గర సరుకు అయిపోయింది, డబ్బు కోసం సాగదీస్తున్నాడు.

వాస్తవం: నేను చూసినంతలో సరుకు ఎక్కువైతేనే చిక్కు. 2000లో వచ్చిన తొమ్మిదో భాగం చివర కథానాయకుడు రాండ్, మగవాళ్ల మంత్రశక్తికి పట్టిన మలినాన్ని కడిగేస్తాడు. తర్వాత ఏమయిందని పాఠకుడు ఆత్రంగా చూస్తుంటే 2003లో పదోది వచ్చింది. అందులో చాలా దూరం వరకు, ఎక్కడెక్కడో ఉన్న పాత్రలు ఆ సంఘటననే దూరం నుంచి పసిగడుతూ ఉంటాయి. రాండ్ కనిపించేది బహు కొద్దిసేపు. పెళ్లి చూసి వచ్చినవాడికి మళ్లీ పందిరి వేయడం చూపించినట్టు ఉంటుంది. పక్క పాత్రలన్నిటికీ తలా ఒక పరివారం, తలా ఒక తగాదా పెట్టాక, అందరికీ వంతు ఇవ్వక తప్పదు.

'గేమ్ ఆఫ్ థ్రోన్స్' టీవీ సిరీస్‌కు మూలమైన నవలలు 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్'దీ ఇదే బాధ. 2005లో వచ్చిన నాలుగో భాగంలో, ముఖ్యపాత్రల్లో ఒకడైన టిరియన్‌కు ఒక్క అధ్యాయం లేదు. మూడోది 2000లో, అయిదోది 2011లో. టిరియన్ కోసమే చదివేవాడు పదకొండేళ్లు ఆగాలి. (నేనూ ఆగాను. విసుక్కుంటూనే.)

అపోహ: మధ్యలో వదిలేసినవాళ్లు ఇక రారు.

వాస్తవం: వస్తారు, కానీ పేర్లు మరిచిపోయి వస్తారు. మన వారపత్రికల సీరియళ్లకు పైన 'జరిగిన కథ' ఉండేది. ఈ లావు పుస్తకాల్లో అది అరుదు. అందుకే ఒక్కో భాగానికి ఒక పేజీ 'జరిగిన కథ' నేనే రాసి అట్ట లోపల పెడుతున్నాను. పదో భాగం నిన్న అయిదో ముద్రతో తిరిగొచ్చింది. నా కాగితంలో ఒక రాణి పేరు తప్పు రాశానట, పెన్సిలుతో దిద్ది ఉంది.